మ్యాక్ ఆన్ కాకపోతే ఫార్మాట్ చేయాల్సిందేనా?

ప్రశ్న: నాది 2019 మోడల్ ఇంటెల్ మ్యాక్‌బుక్ ప్రో. మ్యాక్ఓఎస్ మాంటెరీ వెర్షన్ వాడుతున్నాను. పాటలు రికార్డ్ చేసుకోడానికి ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొని, దాని డ్రైవర్ ఇన్‌స్టాల్ చేశాను. ‘సిస్టమ్ ఎక్స్‌టెన్షన్ బ్లాక్ అయింది’ అని వస్తే సెట్టింగ్స్‌లోకి వెళ్లి అలౌ నొక్కాను. రీస్టార్ట్ చేయమంటే చేశాను. అప్పటి నుంచి మ్యాక్ పూర్తిగా ఆన్ కావడం లేదు. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టాక ఆపిల్ బొమ్మ కింద గీత సగం దాకా వెళ్లి ఆగిపోతుంది, మళ్లీ మొదటికి వస్తుంది. ఒక్కోసారి ‘సమస్య వల్ల కంప్యూటర్ రీస్టార్ట్ అయింది’ అని నాలుగైదు భాషల్లో మెసేజ్ కనిపిస్తుంది. తెలిసినవాళ్లకు చూపిస్తే ఫార్మాట్ చేయడం తప్ప దారి లేదన్నారు. నా రికార్డింగులు, పాప చిన్నప్పటి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్ లేదు. డిస్క్‌కు పాస్‌వర్డ్‌తో తాళం వేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ ఎక్స్‌టెన్షన్ ఒక్కదాన్నే తీసేసే మార్గం లేదా? (పేరు వద్దన్న పాఠకుడు)

సమాధానం: ఉంది. ఫార్మాట్ అవసరం లేదు. ఫార్మాట్ మాట ఎత్తినవాళ్ల చేతికి మాత్రం ఈ పని అయ్యేదాకా మ్యాక్ ఇవ్వకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి డిస్క్ బాగానే ఉంది. పాస్‌వర్డ్ తీసుకుంటోంది, గీత సగం దాకా కదులుతోంది అంటే ఫైల్‌వాల్ట్ తాళం తెరుచుకుంటోంది, సిస్టమ్ ఫైళ్లను చదవగలుగుతోంది. మీ ఫొటోలు ఉన్నచోటే ఉన్నాయి. తేడా వచ్చింది ఆ తర్వాత లోడ్ అయ్యే ఒక ముక్క దగ్గర.

ఆ ముక్క ఇంత గొడవ ఎలా చేయగలదో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. మామూలు యాప్ దెబ్బతింటే అదొక్కటే మూతపడుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. మీ డ్రైవర్ వేసినట్టున్న కెర్నెల్ ఎక్స్‌టెన్షన్ అలా కాదు. మ్యాక్ పని తెలిసినవాళ్లు దీన్ని ‘కెక్స్ట్’ అంటారు. ఇది నేరుగా మ్యాక్ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లో కలిసిపోయి, దాని మెమరీలోనే, దాని అధికారాలతోనే పనిచేస్తుంది. గదిలో బల్బు మాడితే ఆ గదే చీకటవుతుంది, మెయిన్ బోర్డులో వైరు తప్పుగా కలిస్తే ఇల్లంతా ట్రిప్ అవుతుంది కదా, అలాగన్నమాట. మీకు నాలుగైదు భాషల్లో కనిపిస్తున్న మెసేజ్ ఆ ట్రిప్పే. దాన్నే కెర్నెల్ పానిక్ అంటారు. మెమరీలో ఏదో లెక్క తప్పిందని గమనించిన కెర్నెల్, అలాగే నడిస్తే డిస్క్ మీద తప్పుడు రాతలు పడొచ్చని కావాలనే ఆగిపోతుంది. చూడ్డానికి భయంగా ఉన్నా, మీ ఫైళ్లను కాపాడేది ఆ ఆగిపోవడమే.

అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని చాలా చిన్నది. ఆడియో ఇంటర్‌ఫేస్‌తో సహా మ్యాక్‌కి తగిలించినవన్నీ పీకేసి, ఛార్జర్ ఒక్కటీ ఉంచి, ఒకసారి ఆన్ చేసి చూడండి. మీరు ఈపాటికి చేసే ఉండొచ్చు, కానీ ఉత్తరంలో రాయలేదు కాబట్టి చెబుతున్నాను. డ్రైవర్‌లోని అసలు కోడ్ చాలావరకు తన పరికరం కనిపించినప్పుడే పని మొదలుపెడుతుంది. పరికరమే లేకపోతే ఆ తప్పు జరిగే చోటుకి అది వెళ్లకపోవచ్చు. అలా మామూలుగా ఆన్ అయిపోతే మీ అదృష్టం. అప్పుడు కింద చెప్పిన తొలగింపు పని అక్కడి నుంచే చేసుకోవచ్చు.

ఆన్ కాకపోతే సేఫ్ మోడ్. మ్యాక్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ నొక్కిన వెంటనే షిఫ్ట్ కీ పట్టుకోండి, లాగిన్ స్క్రీన్ వచ్చేదాకా వదలకండి. ఫైల్‌వాల్ట్ ఉంది కాబట్టి పాస్‌వర్డ్ రెండుసార్లు అడగొచ్చు. మొదటిది డిస్క్ తెరవడానికి, రెండోది మీరు లోపలికి వెళ్లడానికి. రెండోసారి కనిపించే లాగిన్ తెరలో పైన ‘సేఫ్ బూట్’ అని ఉంటే సరైన దారిలో ఉన్నట్టే. సేఫ్ మోడ్‌లో మ్యాక్ఓఎస్ తనకు తప్పనిసరి కాని ఎక్స్‌టెన్షన్లను లోడ్ చేయదు, లాగిన్ ఐటమ్స్‌ను నడపదు, డిస్క్‌ను పైపైన ఒకసారి పరీక్షించుకుంటుంది. అందుకే మామూలుకన్నా చాలా ఆలస్యంగా తెరుచుకుంటుంది. మధ్యలో ఆగిపోయిందనుకుని పవర్ నొక్కేయకండి. లోపలికి వెళ్లాక శబ్దం రాకపోవచ్చు, వై-ఫై కలవకపోవచ్చు, తెర తడబడొచ్చు. ఇవన్నీ సేఫ్ మోడ్‌లో మామూలే.

లోపలికి వెళ్లారా? ఎక్స్‌టెన్షన్ జోలికి ఇంకా వెళ్లకండి. ముందు బయటి డిస్క్ ఒకటి తగిలించి మీ యూజర్ ఫోల్డర్‌లోని రికార్డింగులు, ఫొటోల లైబ్రరీ దానిలోకి కాపీ చేసుకోండి. గంటలు పట్టినా పర్వాలేదు. బ్యాకప్ ఉన్న మనిషి చేతులు వేరే, లేని మనిషి చేతులు వేరే. మిగతా పనంతా ఆ కాపీ అయ్యాకే.

ఇప్పుడు దోషి ఎవరో తేల్చాలి. మీకు అనుమానం కొత్త డ్రైవర్ మీదే, నాకూ అంతే. కానీ అనుమానంతో ఫైళ్లు పీకడంకన్నా, మ్యాక్ తానే రాసిపెట్టిన వాంగ్మూలం చదవడం మేలు. పానిక్ అయిన క్షణంలో డిస్క్ మీద ఏమీ రాయడం కుదరదు కాబట్టి ఆ వివరాలను వేరేచోట దాచిపెట్టుకుని, తర్వాత సరిగ్గా ఆన్ అయినప్పుడు ఫైలుగా రాస్తుంది. మీరు సేఫ్ మోడ్‌లోకి రాగలిగారు కాబట్టి ఆ ఫైలు ఇప్పుడు తయారై ఉండాలి. ఫైండర్‌లో షిఫ్ట్, కమాండ్, జి మూడూ కలిపి నొక్కితే ఫోల్డర్ దారి అడుగుతుంది. మెయిన్ డిస్క్‌లోని లైబ్రరీ, అందులో లాగ్స్, అందులో డయాగ్నస్టిక్ రిపోర్ట్స్ ఫోల్డర్‌కి వెళ్లండి. పేరు ‘కెర్నెల్’ అని మొదలై చివర ‘పానిక్’ అని ఉండే ఫైళ్లు కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది: లైబ్రరీ పేరుతో మీ యూజర్ ఫోల్డర్‌లో ఒకటి, డిస్క్ మొదట్లో ఒకటి, సిస్టమ్ లోపల మరొకటి ఉంటాయి. మనకు కావాల్సింది డిస్క్ మొదట్లో ఉన్నది.

ఫైలు తెరిస్తే అంకెల అడవి. బెదరకండి, మనకు కావాల్సింది ఒక్క చోటే ఉంది. ‘కెర్నెల్ ఎక్స్‌టెన్షన్స్ ఇన్ బ్యాక్‌ట్రేస్’ అనే వరుసను వెతకండి. పానిక్ సమయంలో ఏ ఎక్స్‌టెన్షన్ కోడ్ నడుస్తోందో దాని కింద ఉంటుంది. పేర్లన్నీ ‘కామ్, చుక్క, కంపెనీ పేరు, చుక్క, ఉత్పత్తి పేరు’ పద్ధతిలో ఉంటాయి. ‘డిపెండెన్సీ’ అని మొదలయ్యే వరుసలను వదిలేయండి. అవి ఆ ఎక్స్‌టెన్షన్ ఆధారపడే ఆపిల్ భాగాలు. ఆడియో డ్రైవర్ పడిపోతే ఆపిల్ వారి ఆడియో భాగం పేరు కూడా పక్కన కనిపిస్తుంది, అంతమాత్రాన తప్పు దానిది కాదు. ఆపిల్ కాని కంపెనీ పేరు ఆ చోట ఉండి, వేర్వేరు పానిక్ ఫైళ్లలో అదే పేరు మళ్లీ మళ్లీ వస్తోందంటే దోషి దొరికినట్టే. అలా కాక ప్రతి ఫైలులో ఒక్కో పేరు, ఒక్కో కారణం ఉంటే మాత్రం మెమరీ లాంటి హార్డ్‌వేర్‌ను అనుమానించాలి. అప్పుడు ఆన్ చేస్తూ డి కీ పట్టుకుంటే ఆపిల్ డయాగ్నస్టిక్స్ వస్తుంది, అది వేరే కథ. మీ విషయంలో అలా జరుగుతుందని అనుకోను.

తీసేయడానికి అన్నిటికన్నా మంచి దారి ఆ కంపెనీ ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలరే. డ్రైవర్‌తో పాటు వచ్చిన డిస్క్ ఇమేజ్‌లోనో, అప్లికేషన్స్ ఫోల్డర్‌లోనో ఉండే అవకాశం ఉంది. తమ ఫైళ్లు ఎక్కడెక్కడ చల్లారో వాళ్లకే తెలుసు. అది లేకపోతేనో, సేఫ్ మోడ్‌లో మొండికేస్తేనో మనమే దిగాలి. మళ్లీ షిఫ్ట్-కమాండ్-జి నొక్కి, డిస్క్ మొదట్లోని లైబ్రరీలో ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌కి వెళ్లండి. బయటి కంపెనీల కెక్స్ట్‌లు మామూలుగా అక్కడే ఉంటాయి. మీ ఆడియో కంపెనీ పేరున్నదాన్ని డెస్క్‌టాప్ మీద చేసిన ఒక కొత్త ఫోల్డర్‌లోకి లాగండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వండి. లాగినప్పుడు అక్కడొక కాపీ మాత్రమే పడి అసలుది ఇక్కడే మిగిలిపోయిందేమో చూసుకోండి. కమాండ్ కీ పట్టుకుని లాగితే కాపీ కాకుండా ఫైలే కదులుతుంది.

చెత్తబుట్టలో వేయకుండా పక్కన పెట్టమనడానికి కారణం ఉంది. మీరు తప్పుదాన్ని తీసి ఉంటే దాన్ని తిరిగి పెట్టేయొచ్చు. పైగా ఆ ఫోల్డర్‌లో మీకు తెలియని పేర్లు కనిపిస్తాయి. హైపాయింట్, సాఫ్ట్‌రెయిడ్ లాంటివి చూసి ‘ఇవి నేను ఎప్పుడూ వేయలేదే, వైరస్ కాబోలు’ అని తీసేసేవాళ్లు ఉన్నారు. అవి మ్యాక్ఓఎస్‌తో పాటే వచ్చే స్టోరేజ్ డ్రైవర్లు. ముట్టుకోకండి. సిస్టమ్ ఫోల్డర్ లోపలి ఎక్స్‌టెన్షన్స్‌లోకి అసలు వెళ్లనే వద్దు. బిగ్ సర్ వెర్షన్ నుంచి ఆ భాగమంతా ఆపిల్ సీల్ వేసి ఉంచుతోంది. మీరు మార్చబోయినా మారదు, మార్చగలిగేలా చేయడానికి ఎవరైనా రక్షణలన్నీ ఆపేయమంటే వినకండి. మీ పనికి అది అవసరమే లేదు.

కెక్స్ట్ ఒక్కటీ తీస్తే సరిపోదు. కొన్ని డ్రైవర్లు వెనకాల ఒక సహాయకుడిని పెట్టుకుంటాయి. కెక్స్ట్ కనిపించకపోతే అది మళ్లీ తెచ్చి పెడుతుంది, లేదా మళ్లీ లోడ్ చేయబోతుంది. అదే లైబ్రరీలో లాంచ్ డీమన్స్, లాంచ్ ఏజెంట్స్ అనే రెండు ఫోల్డర్లు ఉంటాయి. ప్రివిలేజ్డ్ హెల్పర్ టూల్స్ అని ఇంకోటి. వాటిలో అదే కంపెనీ పేరుతో ఉన్నవాటిని కూడా డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌లోకే తరలించండి. అప్లికేషన్స్‌లోని వాళ్ల కంట్రోల్ ప్యానెల్ యాప్‌ను కూడా. కెక్స్ట్‌ను యాప్ లోపలే దాచుకునే కంపెనీలూ ఉన్నాయి కాబట్టి యాప్ ఉండగా పని పూర్తయిందనుకోవద్దు.

ఇప్పుడు మామూలుగా రీస్టార్ట్ చేయండి. తెరుచుకుంటే సంతోషం. తెరుచుకోకుండా మళ్లీ అదే పానిక్ వస్తే మాత్రం ‘ఫైలే తీసేశాను కదా, ఇంకా ఎక్కడి నుంచి వస్తోంది’ అని జుట్టు పీక్కోకండి. పాత పద్ధతులు చెప్పేవాళ్లు ఎక్కువగా వదిలేసే సంగతి ఇదే. 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి, మీరు అలౌ నొక్కిన కెక్స్ట్‌లన్నిటినీ మ్యాక్ఓఎస్ కలిపి ఒకే మూటగా కట్టి పెట్టుకుంటుంది. దాని పేరు ఆక్సిలరీ కెర్నెల్ కలెక్షన్. ఆన్ అయ్యేటప్పుడు లోడ్ అయ్యేది ఈ మూటే, ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లోని విడి ఫైళ్లు కావు. డ్రైవర్ వేయగానే రీస్టార్ట్ అడిగింది కూడా ఆ మూట మళ్లీ కట్టి మొదటి నుంచి లోడ్ చేయడానికే. విడి ఫైలు తీసినా పాత మూట అలాగే ఉండిపోతే అందులోని కోడ్ మళ్లీ లోడ్ అవుతుంది, మళ్లీ పడిపోతుంది.

దీనికి ఆపిల్ ఒక కమాండ్ ఇచ్చింది. ఇది రికవరీ మోడ్‌లో మాత్రమే నడుస్తుంది. సేఫ్ మోడ్ అసలు తెరుచుకోనివాళ్లకు కూడా దారి ఇదే, కాబట్టి మొదటి నుంచి చెబుతాను.

మ్యాక్ ఆఫ్ చేసి, పవర్ నొక్కి వెంటనే కమాండ్, ఆర్ రెండూ పట్టుకోండి. ఆపిల్ బొమ్మ వచ్చాక వదిలేయొచ్చు. యూజర్‌ను ఎంచుకోమని, పాస్‌వర్డ్ ఇవ్వమని అడుగుతుంది. తర్వాత నాలుగు ఆప్షన్లతో ఒక విండో వస్తుంది. అందులో డిస్క్ యుటిలిటీ తెరవండి. (ఎరేజ్ అనే బటన్ ఇందులోనే ఉంటుంది. దాని దరిదాపులకు వెళ్లొద్దు.) ఎడమవైపు మీ డిస్క్ కింద మెకింటాష్ హెచ్‌డీ అని ఒకటి, దాని డేటా వాల్యూమ్ (మీ ఫైళ్లు ఉండే భాగం) ఒకటి కనిపిస్తాయి. డేటా వాల్యూమ్ పేరు ‘డేటా’ అనో, ‘మెకింటాష్ హెచ్‌డీ - డేటా’ అనో ఉంటుంది. పేరు లేతగా ఉంటే అది మౌంట్ కాలేదని, అంటే ఇంకా అందుబాటులోకి రాలేదని అర్థం. ఎంచుకుని మౌంట్ నొక్కితే ఫైల్‌వాల్ట్ పాస్‌వర్డ్ అడుగుతుంది. రెండూ మౌంట్ అయ్యాక డిస్క్ యుటిలిటీ మూసేసి, పైన యుటిలిటీస్ మెనూలో టెర్మినల్ తెరవండి.

కమాండ్లను ఇక్కడ తెలుగులో పలికినట్టు రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. ముందుగా ‘ఎల్, ఎస్’ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి ‘వాల్యూమ్స్’ అని రాసి ఎంటర్ నొక్కండి. వాల్యూమ్స్‌లో మొదటి అక్షరం పెద్దది. మీ డిస్కుల పేర్లు కనిపిస్తాయి. వాటిలో డేటా వాల్యూమ్ పేరును గుర్తుపెట్టుకోండి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, వాల్యూమ్స్ మాట లేకుండా నేరుగా స్లాష్ లైబ్రరీ స్లాష్ ఎక్స్‌టెన్షన్స్ అని వెళ్లిపోవడం. రికవరీ అనేది విడిగా నడిచే చిన్న సిస్టమ్, దానికీ తన సొంత లైబ్రరీ ఉంటుంది. మీరు చూసేది దాన్ని. మీ కెక్స్ట్ అందులో కనిపించదు, ‘ఇక్కడేమీ లేదే’ అని మోసపోతారు. దారి ఎప్పుడూ వాల్యూమ్స్ నుంచి మొదలై, డేటా వాల్యూమ్ మీదుగా లైబ్రరీకి వెళ్లాలి.

పేరులో ఖాళీలు ఉంటే టెర్మినల్ తికమకపడుతుంది. అందుకని పేరు మొత్తం టైప్ చేయకుండా మొదటి రెండు మూడు అక్షరాలు కొట్టి ట్యాబ్ కీ నొక్కండి, మిగతాది సరైన గుర్తులతో అదే నింపుకుంటుంది. ఒకే అక్షరాలతో రెండు పేర్లు మొదలైతే ఇంకో అక్షరం అడుగుతుంది. ఇదొక్క అలవాటు మిమ్మల్ని సగం తప్పుల నుంచి కాపాడుతుంది.

సేఫ్ మోడ్‌లో కెక్స్ట్‌ను తీయగలిగి ఉంటే మళ్లీ తీయనక్కర్లేదు. తీయలేకపోతే ఇక్కడి నుంచి తరలించండి. ‘ఎం, వి’ అని కొట్టి, ఖాళీ, ఆ కెక్స్ట్ ఉన్న పూర్తి దారి, మళ్లీ ఖాళీ, అదే డేటా వాల్యూమ్‌లోని యూజర్స్ కింద ఉండే షేర్డ్ ఫోల్డర్ దారి. కెక్స్ట్ పేరు చివర ట్యాబ్ వేసిన స్లాష్ ఉంటే చెరిపేయండి. రికవరీ సొంత ఫోల్డర్లలో ఎక్కడా పెట్టకండి. రీస్టార్ట్ చేయగానే అక్కడివి మాయమవుతాయి. ఇలాంటి సమస్యకు సలహాలు వెతికితే చాలాచోట్ల ‘ఆర్, ఎం’, దాని పక్కన హైఫన్, ‘ఆర్, ఎఫ్’ అనే కమాండ్ కనిపిస్తుంది. అడగకుండా, తిరిగి రాకుండా చెరిపేసే కమాండ్ అది. రికవరీలో మీకు అన్ని అధికారాలూ ఉంటాయి, దారిలో ఒక ఖాళీ పొరపాటున పడితే ఏం పోతుందో మీకే తెలియదు. ఇప్పటిదాకా మీ ఫొటోలకు లేని ప్రమాదం అక్కడ మొదలవుతుంది. ఎం, వి చాలు.

తర్వాత అసలు కమాండ్. ‘కె, ఎం, యు, టి, ఐ, ఎల్’ ఆరూ కలిపి ఒకే మాటగా. ఖాళీ. ‘ట్రిగర్ పానిక్ మెడిక్’ మూడు మాటల మధ్య ఖాళీకి బదులు హైఫన్. మళ్లీ ఖాళీ. రెండు హైఫన్లు, వాటికి ఆనించి ‘వాల్యూమ్ రూట్’, ఆ రెండు మాటల మధ్య కూడా హైఫన్. ఖాళీ. చివరగా స్లాష్ వాల్యూమ్స్ స్లాష్, మీ మెకింటాష్ హెచ్‌డీ పేరు ట్యాబ్‌తో. అన్నీ చిన్న అక్షరాలే, డిస్క్ దారి తప్ప. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. ఇది చేసేదేమిటంటే, తర్వాత ఆన్ అయ్యేటప్పుడు ఆ మూటను చెరిపేసి, బయటి కెక్స్ట్‌లకు మీరు ఇదివరకు ఇచ్చిన అనుమతులన్నిటినీ రద్దు చేస్తుంది. మీ ఫైళ్లనూ, యాప్‌లనూ ముట్టుకోదు. ఇక ఆపిల్ మెనూ నుంచి రీస్టార్ట్ చేయండి.

మ్యాక్ తెరుచుకున్నాక, ఇంతకుముందు వాడుతున్న వేరే కెక్స్ట్‌లు ఏమైనా ఉంటే అవి కూడా కొత్తగా అనుమతి అడుగుతాయి. అడిగిన ప్రతిదానికీ అలౌ నొక్కేయకండి. ఏ కంపెనీ పేరుతో అడుగుతోందో చదివి, నిజంగా కావాల్సిన వాటికే ఇవ్వండి. మాంటెరీలో ఇది సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లోని సెక్యూరిటీ అండ్ ప్రైవసీలో ఉంటుంది.

ఈ కమాండ్ బిగ్ సర్, ఆ తర్వాతి వెర్షన్లకే. కాటలినా, అంతకన్నా పాతవాటిలో ఈ మూట పద్ధతి లేదు కాబట్టి కెక్స్ట్ ఫైలు తరలించి, కెర్నెల్ క్యాష్ మళ్లీ కట్టించాలి. ఆపిల్ సొంత ఎం1, తర్వాతి చిప్‌లున్న మ్యాక్‌లలో కమాండ్-ఆర్ పనిచేయదు. పవర్ బటన్‌నే స్టార్టప్ ఆప్షన్లు వచ్చేదాకా నొక్కి పట్టుకోవాలి. రికవరీ, సేఫ్ మోడ్ రెండూ అక్కడి నుంచే. వాటిలో బయటి కెక్స్ట్ నడవాలంటే మీరే రికవరీకి వెళ్లి భద్రత స్థాయిని ‘రెడ్యూస్డ్ సెక్యూరిటీ’కి దించి ఉండాలి, అందుకే ఈ సమస్య వాటిలో తక్కువ.

ఇవన్నీ చేసినా లాభం లేకపోతే రికవరీలోని ‘రీఇన్‌స్టాల్ మ్యాక్ఓఎస్’ ఉంది. ఎరేజ్ చేయకుండా రీఇన్‌స్టాల్ చేస్తే మీ ఫైళ్లు పోవు. అయితే అది సిస్టమ్ భాగాన్నే కొత్తగా వేస్తుంది, లైబ్రరీలో మీరు వేసుకున్న కెక్స్ట్‌లను అలాగే వదిలేస్తుంది. అంటే దోషిని తీయకుండా రీఇన్‌స్టాల్ చేస్తే గంటలు ఖర్చయి మళ్లీ అదే పానిక్ చూసే అవకాశం ఉంది. ‘రీఇన్‌స్టాల్ చేసినా పోలేదు, ఇక ఫార్మాటే’ అనే మాట చాలాసార్లు ఇలాగే పుడుతుంది. అంతకుముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలంటే, మీ ఇంటెల్ మ్యాక్‌ను టి కీ పట్టుకుని ఆన్ చేసి, థండర్‌బోల్ట్ కేబుల్‌తో ఇంకో మ్యాక్‌కి కలిపితే బయటి డిస్క్‌లా కనిపిస్తుంది. ఫైల్‌వాల్ట్ పాస్‌వర్డ్ ఇస్తే తెరుచుకుంటుంది.

ఇదేదో మ్యాక్‌కే పట్టిన జబ్బని ఎవరైనా అంటే, 2024 జూలై 19ని గుర్తుచేయండి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైలు వల్ల మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెరతో నిలిచిపోయాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో పని ఆగింది. వాటిని బాగుచేసిన పద్ధతి ఏమిటి? సేఫ్ మోడ్‌లోకో రికవరీలోకో వెళ్లి, డ్రైవర్ల ఫోల్డర్‌లో ఆ సంస్థ పేరుతో ఉన్న చోట 291 అంకె ఉన్న ఒక్క ఫైలును తీసేయడం. ఫార్మాట్ కాదు. అక్కడ చాలామందిని ఏడిపించింది ఫైలు తీయడం కాదు, దానికి ముందు అడిగిన బిట్‌లాకర్ (విండోస్‌లో ఫైల్‌వాల్ట్ లాంటిది) రికవరీ కీ దొరక్కపోవడం. మీ ఫైల్‌వాల్ట్ రికవరీ కీ ఎక్కడ రాసి పెట్టారో కూడా ఈ సందర్భంలో వెతికి చూసుకోండి. పాస్‌వర్డ్ గుర్తుంది కాబట్టి ఇప్పుడు దాని అవసరం రాలేదు, అంతే.

ఇక ఆ ఆడియో ఇంటర్‌ఫేస్ సంగతి. నన్నడిగితే మీరు ఆ డ్రైవర్ వేయకుండా ఉండాల్సింది. యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేసుల్లో చాలావరకు ‘క్లాస్ కంప్లయంట్’ రకం. వాటికి కావాల్సిన డ్రైవర్ మ్యాక్ఓఎస్‌లోనే ఉంటుంది, తగిలిస్తే చాలు. పెట్టెలో వచ్చిన మాన్యువల్‌లో ఆ మాట ఉందేమో చూడండి. ఉంటే ఏ డ్రైవర్ లేకుండానే తగిలించి, యుటిలిటీస్‌లోని ఆడియో మిడి సెటప్‌లో పేరు కనిపిస్తోందో లేదో గమనించండి. కనిపిస్తే రికార్డింగ్‌కి అది చాలు. కంపెనీ సొంత మిక్సర్ లాంటి అదనపు సౌకర్యాలు తప్పనిసరైతే, కొత్త పద్ధతిలో చేసిన డ్రైవర్ ఉందా అని వాళ్లనే అడగండి. 2019లో కాటలినాతో ఆపిల్ ‘డ్రైవర్‌కిట్’ తెచ్చింది. దానితో చేసిన డ్రైవర్లు కెర్నెల్ బయట, మామూలు ప్రోగ్రామ్‌లా నడుస్తాయి. అవి పడిపోయినా సాధారణంగా పరికరం ఒక్కటే ఆగుతుంది, మ్యాక్ ఆగదు. అనుమతి అడిగే మెసేజ్ మాత్రం రెండు రకాలకూ దాదాపు ఒకేలా ‘సిస్టమ్ ఎక్స్‌టెన్షన్’ అనే చెబుతుంది కాబట్టి దాన్ని చూసి తేడా పట్టలేరు. డౌన్‌లోడ్ పేజీలో ‘కెర్నెల్ ఎక్స్‌టెన్షన్’ అని గానీ, ఎం1 మ్యాక్‌లలో భద్రత స్థాయి తగ్గించుకోండి అని గానీ రాసి ఉంటే అది పాత రకమే.

ఒకవేళ మీ పానిక్ ఫైలులో బ్యాక్‌ట్రేస్ కింద ఆడియో కంపెనీ పేరు కాకుండా ఇంకేదైనా కనిపిస్తే ఏదీ తీయకుండా ఆగండి. ఆ నాలుగైదు వరుసలు, ఎక్స్‌టెన్షన్స్ ఫోల్డర్‌లో ఉన్న పేర్లు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి, చూసి చెబుతాను.